మూర్ఛకూ మూర్ఛకూ నడుమ

జ్వరం ఉన్నంతసేపూ ఒళ్లు కాలుతూనే ఉంటుంది, పుండు మానేదాకా కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మూర్ఛవ్యాధి మాత్రం ఒకటి రెండు నిమిషాలు భయంకరంగా కనిపించి, ఆ తర్వాత వారాలూ నెలలూ జాడ తెలియకుండా పోతుంది. కాసేపటి కిందట కళ్లు తేలవేసి కాళ్లూ చేతులూ కొట్టుకున్న పసిబిడ్డ ఇప్పుడు వాకిట్లో ఆడుకుంటూ ఉంటే, ఆ వ్యాధి ఈ క్షణాన ఆ బిడ్డలో ఉన్నట్టా లేనట్టా అన్న సందేహం వైద్యుడికే కాదు, తత్త్వవిచారం చేసేవాడికీ తప్పదు. ఉన్నదంటే ఏ రూపంలో ఉన్నదో చెప్పాలి, లేదంటే మళ్లీ ఎక్కడినుంచి వస్తున్నదో చెప్పాలి. బయటినుంచి వస్తున్నదని, గాలి సోకిందని, గ్రహం పట్టిందని లోకం చాలాకాలం జవాబు చెప్పుకున్నది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో పసిపిల్లలను పట్టే తొమ్మిది బాలగ్రహాల వర్ణన ఉంది. వాటిలో స్కందాపస్మారం పట్టిన బిడ్డ తెలివి తప్పుతూ, మళ్లీ తెలివిలోకి వస్తూ, కాళ్లూ చేతులతో నాట్యమాడుతున్నట్టు కదులుతూ, నోట నురుగు కక్కుతూ, మలమూత్రాలు విడిచేస్తుందని చెప్పిన లక్షణాలు చదివితే, కారణం మాట ఎలా ఉన్నా, చూసిన కన్ను నిశితమైనదని ఒప్పుకోవలసి వస్తుంది.

అదే ఉత్తరతంత్రంలో, అపస్మారాన్ని గురించిన 61వ అధ్యాయంలో, ఒక పూర్వపక్షం వినిపిస్తుంది. ఈ వ్యాధి ఏ కారణమూ లేకుండానే వస్తుంది, చికిత్స చేయకపోయినా దానంతటదే పోతుంది, కాబట్టి ఇది వాత పిత్త కఫ దోషాల వల్ల పుట్టేది కాదని కొందరు అంటున్నారట. దానికి సంహిత ఇచ్చిన సమాధానం ఏమంటే, దోషాలు మెల్లమెల్లగా కూడి, క్షణకాలం మాత్రమే బయటపడతాయని, వాన ముందే పడినా కొన్ని విత్తనాలు శరదృతువు వచ్చేదాకా మొలకెత్తవు కదా అని. మొలక కనబడనంత మాత్రాన విత్తనం లేదనరాదన్నది ఇందులోని తర్కం. వ్యాధి మూర్ఛ వచ్చిన నిమిషంలో కాదు, మూర్ఛకూ మూర్ఛకూ నడుమ ఉన్నదని చెప్పిన ఈ మాట ఎంత సాహసమైనదో, నిరూపించడానికి అంత అలవికానిది. భూమిలో ఉన్న ఆ విత్తనాన్ని చూపించే సాధనం ఆనాటివారి దగ్గర లేదు. మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష, అంటే ఎలక్ట్రోఎన్‌సెఫలోగ్రామ్, వాడుకలో ఈఈజీ, 20వ శతాబ్దంలో పూనుకున్న పని ఇదే. అది నిజంగా విత్తనాన్నే చూపిస్తున్నదా, లేక విత్తనం ఉండవచ్చునన్న గుర్తును మాత్రమే చూపిస్తున్నదా అన్నదాని మీద పసిపిల్లల వైద్యంలోనూ, ఆ వైద్యం చుట్టూ అల్లుకున్న నమ్మకాలలోనూ చాలా విషయాలు ఆధారపడి ఉన్నాయి.

మెదడు పైపొరలోని లక్షలాది నాడీకణాలు ఒకదానినుంచి ఒకటి సంకేతాలు అందుకునేటప్పుడు పుట్టే అతిసూక్ష్మమైన విద్యుత్తు, కపాలాన్నీ చర్మాన్నీ దాటుకుని బయటికి వచ్చేసరికి కొన్ని పదుల మైక్రోవోల్టులకు మించదు. మైక్రోవోల్టు అంటే వోల్టులో పదిలక్షో వంతు. కెనడాకు చెందిన హెర్బర్ట్ జాస్పర్ 1958లో ప్రకటించిన కొలతల పద్ధతి ప్రకారం తలమీద నిర్ణీత స్థానాల్లో, సాధారణంగా 21 చోట్ల, చిన్న బిళ్లల వంటి ఎలక్ట్రోడ్లను జిగురుతో అంటించి, ఆ విద్యుత్తులోని హెచ్చుతగ్గులను గీతలుగా నమోదు చేస్తారు. బిడ్డ తలకు నూనె రాయకుండా, తలంటి తీసుకురమ్మని, ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తెల్లవారకముందే లేపమని తల్లికి చెప్పడం వెనక ఉన్న కారణాలు మామూలువే: నూనె ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగా అంటవు, నిద్ర చాలని బిడ్డ పరీక్ష సమయంలో నిద్రపోతుంది, నిద్రలో అసాధారణ తరంగాలు బయటపడే అవకాశం ఎక్కువ. ఇలా దొరికిన గీతలను చదవడం పెద్దవారి విషయంలో కంటే పిల్లల విషయంలో కష్టం. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్నప్పుడు తల వెనక భాగంలో కనిపించే లయ, ఏడాది బిడ్డలో సెకనుకు 6 అలల దగ్గర ఉండి, మూడేళ్లకు 8కి చేరి, పదేళ్ల ప్రాంతంలో 10 దగ్గర స్థిరపడుతుంది. ఏడాది బిడ్డలో ఆరోగ్యానికి గుర్తయిన లయే పెద్దవారిలో రోగానికి గుర్తు కావచ్చు. కనుక ఏది సహజం, ఏది వికారం అన్నది గీతను చూసి తేలదు, గీతను వయసుతో కలిపి చూస్తేనే తేలుతుంది.

గ్రహాలనూ గాలులనూ వైద్యం నుంచి వెళ్లగొట్టిన ఘనత ఈ యంత్రానికి దక్కింది గానీ, దాని పుట్టుక మాత్రం అతీంద్రియ విషయాల అన్వేషణలోనే ఉన్నది. జర్మనీలోని యేనా నగరానికి చెందిన మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1890ల తొలినాళ్లలో సైనిక శిక్షణలో ఉండగా గుర్రం మీదినుంచి పడి, ఫిరంగిబండి చక్రాల కింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఎక్కడో దూరాన ఉన్న అతని అక్కకు అదేరోజు తమ్ముడికి ఏదో ఆపద వచ్చిందన్న దిగులు పుట్టి, తండ్రిచేత తంతి ఇప్పించింది. ఒక మనసులోని భయం మరొక మనసుకు ఎలా చేరిందన్న ప్రశ్న బెర్గర్‌ను విడవలేదు. మానసికశక్తికి భౌతికరూపం ఉండి తీరాలన్న పట్టుదలతోనే అతడు 1924లో మనిషి తలనుంచి తొలిసారి మెదడు తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. మనసునుంచి మనసుకు పయనించే శక్తి అతనికి ఎన్నడూ దొరకలేదు. దొరికినదాని విలువను తోటి శాస్త్రజ్ఞులు వెంటనే గుర్తించలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనేవారు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూపించాకే లోకం నమ్మింది. ఆ తర్వాత ఏడాది రెండేళ్లలోనే అమెరికాలోని బోస్టన్‌లో గిబ్స్ దంపతులూ, లెనాక్సూ, డేవిసూ మూర్ఛరోగుల తరంగాల్లో ప్రత్యేకమైన ఆకృతులు గుర్తించారు. ఉన్నట్టుండి సూదిమొనలా లేచి పడే అలకు స్పైక్ అని పేరు. మూర్ఛ లేని వేళల్లో సైతం కనిపించే ఈ స్పైకులే, సుశ్రుత సంహిత ఊహించిన నడిమికాలానికి దొరికిన మొదటి కంటిసాక్ష్యం.

కంటిసాక్ష్యమన్నది ఇక్కడ కొంత చొరవ తీసుకుని వాడిన మాట. న్యాయదర్శన పరిభాషలో చెప్పాలంటే స్పైక్ ప్రత్యక్షమే కాని, మూర్ఛవ్యాధి ప్రత్యక్షం కాదు. స్పైక్ అనే లింగాన్ని, అంటే గుర్తును, చూసి వ్యాధిని అనుమానించవలసి ఉంటుంది. ఈ అనుమానం ఊరికే కలిగే శంక కాదు, ఒకదాని ఆధారంగా మరొకదానిని నిశ్చయించే ప్రమాణం. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కశాస్త్రానికి తొలి పాఠమైంది. గుర్తు ఉన్నచోటల్లా సాధించవలసిన విషయమూ, అంటే సాధ్యమూ, ఉండి తీరాలన్న నియమానికి వ్యాప్తి అని పేరని, ఆ వ్యాప్తి చెడితే అనుమానం హేత్వాభాసమవుతుందని, అంటే కారణంలా కనిపించే కారణం కానిదవుతుందని, ఆ గ్రంథం పిల్లలకు సైతం నేర్పింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపముక్కలో నిప్పే ఉంటుంది. పొగ రావడానికి తడికట్టె అనే మరొక షరతు కలవాలి. పైకి కనిపించని ఆ షరతునే తార్కికులు ఉపాధి అన్నారు.

స్పైక్ ఉన్నచోటల్లా మూర్ఛవ్యాధి ఉంటుందన్న వాక్యం సరిగ్గా నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందన్న వాక్యం వంటిది. ఎన్నడూ మూర్ఛ రాని ఆరోగ్యవంతులైన పిల్లలకు ఈఈజీ తీసినప్పుడు నూటికి ఇద్దరు ముగ్గురిలో స్పైకులు కనిపించిన అధ్యయనాలు ఉన్నాయి. వారిలో చాలామందికి ఆ తర్వాతా మూర్ఛ రాదు. మరోవైపు, మూర్ఛవ్యాధి నిశ్చయంగా ఉన్నవారిలోనూ ఒక్కసారి తీసిన మామూలు ఈఈజీ సుమారు సగంమందిలో ఏ దోషమూ చూపించదు. లింగం ఉండి సాధ్యం లేకపోవడం, సాధ్యం ఉండి లింగం లేకపోవడం రెండూ ఉన్నప్పుడు, ఆ లింగాన్ని ఒంటరిగా నమ్మడం వ్యభిచరించిన, అంటే నియమం తప్పిన, హేతువును నమ్మడమే. ఇక్కడి ఉపాధి ఏదంటే, పిల్లవాడికి నిజంగా వచ్చిన మూర్ఛ, దానిని చూసినవారి కథనం. అది తోడైతే స్పైక్ గొప్ప సాక్షి. లేకపోతే ఒక గీత. అందుకే ఆరు నెలలనుంచి అయిదేళ్ల మధ్య పిల్లలకు జ్వరంతో వచ్చి త్వరగా ఆగిపోయే సాధారణ జ్వరమూర్ఛలో ఈఈజీ తీయనవసరం లేదని శిశువైద్య నియమావళులు చెబుతున్నాయి. తీస్తే ఏదో ఒక గీత కనబడవచ్చు, కనబడితే భయం పుట్టవచ్చు, భయం పుడితే ఏళ్లతరబడి మందు మొదలుకావచ్చు, ఆ బిడ్డకు మాత్రం వీటిలో ఏదీ అక్కరలేదు.

ఇదే తర్కదోషం పల్లెల్లో మరో రూపంలో చిరకాలంగా ఉన్నది. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం తెలుగునాట అందరూ ఎరిగినదే. అలా చేయగానే మూర్ఛ తగ్గడం కూడా చూసినవారు అబద్ధం చెప్పడం లేదు. చాలా మూర్ఛలు ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి గనుక, ఆ వ్యవధిలో ఏది చేసినా దానివల్లే ఆగిందనిపిస్తుంది. కాకతాళీయాన్ని వ్యాప్తిగా పొరబడటం ఇది. తాళంచెవుల మీది నమ్మకాన్ని చూసి నవ్వుకునే చదువరి, ఈఈజీ రిపోర్టులో అసాధారణమన్న ఒక్క మాట చదివి బిడ్డకు మూర్ఛవ్యాధి ఉన్నదని నిశ్చయించుకుంటే, ఇద్దరి తప్పూ ఒకే కోవకు చెందుతుంది. రెండోవాడి చేతిలో ఉన్నది ఖరీదైన వస్తువు అన్నదొక్కటే తేడా.

వ్యాప్తి దాదాపు సంపూర్ణంగా నిలిచే సందర్భమూ ఒకటి ఉన్నది, తత్త్వదృష్టికి అది మరింత చిక్కుది. నాలుగేళ్లనుంచి పదేళ్ల వయసులో మొదలయ్యే ఆబ్సెన్స్ మూర్ఛలో బిడ్డ కింద పడదు, కొట్టుకోదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పది సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, ఆ వెంటనే ఏమీ జరగనట్టు మాట అందుకుంటుంది. పరీక్షగదిలో కాగితపు గాలిమర ఇచ్చి మూడు నిమిషాలు గట్టిగా ఊదమంటే చాలాసార్లు అక్కడే మూర్ఛ వస్తుంది, అదే క్షణంలో తెరమీద సెకనుకు 3 చొప్పున స్పైకు, దాని వెంట నిదానమైన అల మెదడు అంతటా ఒక్కసారిగా మొదలై, ఒక్కసారిగా ఆగిపోతాయి. మూర్ఛ గురించి బ్రహ్మసూత్రాలు ఒక సూత్రాన్నే కేటాయించాయన్నది ఇక్కడ గుర్తుకు రాదగిన విషయం. మూడో అధ్యాయం రెండో పాదంలోని ఆ సూత్రానికి శంకరులు రాసిన భాష్యం, మూర్ఛిల్లినవాడు లోకాన్ని గ్రహించడు గనుక జాగ్రత్తులో లేడని, ఎరుక లేదు గనుక స్వప్నంలో లేడని, ప్రాణమూ వేడీ ఉన్నాయి గనుక చనిపోలేదని, ప్రశాంతంగా ఊపిరి తీస్తూ చేత్తో తట్టగానే లేచే నిద్రితుడిలా కాక ఒళ్లు వణుకుతూ, ముఖం భయంకరమై, కళ్లు విప్పారి ఉంటాడు గనుక సుషుప్తిలోనూ లేడని ఒక్కొక్కటీ తోసిపుచ్చి, మిగిలిన దానిని అర్ధసంపత్తి, అంటే సగం చేరిక అని తేల్చింది. ఈ నిర్ణయమంతా బయటి గుర్తుల మీద ఆధారపడి చేసిన అనుమానమే.

సుషుప్తి విషయంలో అద్వైతులకు మరొక ఆధారం ఉంది. సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు అని లేచినవాడు చెప్పుకునే జ్ఞాపకమే నిద్రలోనూ సాక్షిచైతన్యం ఉన్నదనడానికి రుజువని వారంటారు. అది జ్ఞాపకం కాదు, గడిచిన కాలాన్ని చూసి చేసుకున్న ఊహ మాత్రమేనని నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఎదురాడతారు. ఆబ్సెన్స్ మూర్ఛనుంచి బయటపడిన బిడ్డకు మాత్రం ఏమీ తెలియలేదన్న తెలివి సైతం ఉండదు. తన కాలంలో పది సెకన్లు జారిపోయాయని ఎవరో చెబితే తప్ప ఎరగదు. జ్ఞాపకం లేనిచోట సాక్షి ఉన్నాడనడానికి జ్ఞాపకాన్ని రుజువుగా చూపలేరు గనుక, ఈ ఒక్క ఘట్టంలో నైయాయికుడి వాదానికే బలం ఎక్కువ. దీనితో సాక్షి లేడని తేలినట్టు కాదు. లేడన్నా, ఉన్నాడన్నా ఈఈజీ గీతకు ఆ విషయంలో చెప్పగలిగిందేమీ లేదు. అది చెప్పేదల్లా, పసివాడి మౌనం వెనక మెదడు ఆగిపోలేదని, మెదడు లోతుల్లోని థాలమస్ అనే కేంద్రమూ పైపొరా మితిమీరిన పొందికతో ఒకే లయలో చిక్కుకున్నాయని మాత్రమే.

వ్యాధి మూర్ఛలో ఉన్నదా, గీతలో ఉన్నదా అన్న ప్రశ్న ఇటీవలి వైద్యంలో మరీ పదునెక్కింది. అప్పుడే పుట్టిన బిడ్డల్లో, ముఖ్యంగా పుట్టేటప్పుడు ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్నవారిలో, చాలా మూర్ఛలు ఒంటిమీద ఏ కదలికా చూపించవు. మందు ఇచ్చాక కదలిక ఆగినా తెరమీద మూర్ఛ సాగుతూనే ఉండవచ్చు. చూసేవారికి నిద్రపోతున్నట్టు కనిపించే ఆ బిడ్డకు మూర్ఛ వస్తున్నదని చెప్పగలిగింది యంత్రమొక్కటే, ఇక్కడ దాని మాట వినకపోవడం అపరాధం. ట్యూబరస్ స్క్లిరోసిస్ అనే జన్యువ్యాధితో పుట్టిన శిశువుల్లో ఇంకొక అడుగు ముందుకు వేశారు: ఇంతవరకు ఒక్క మూర్ఛా రాకపోయినా, ఈఈజీలో స్పైకులు కనబడగానే విగాబట్రిన్ అనే మందు మొదలుపెట్టి చూశారు. ఐరోపాలో జరిగిన ఎపిస్టాప్ అధ్యయనం దీనివల్ల మూర్ఛలు తగ్గుతాయని చూపింది. అమెరికాలో జరిగి 2023లో వెలువడిన ప్రివెంట్ అధ్యయనంలో, రెండేళ్ల వయసుకు బిడ్డల తెలివితేటల ఎదుగుదలలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఆ మందు కొందరిలో చూపు అంచులను తిరిగిరాని విధంగా కుదించగలదు. ఇంకా రాని వ్యాధికి వైద్యం చేయడంలో గీతనే రోగిగా చూసే ప్రమాదం ఉన్నది, కాని పై శిశువుల విషయంలో ఆ ప్రమాదానికి తెగించడం అసమంజసమనీ చెప్పలేము. స్పైకుకు ఉపాధి కావలసిన జన్యుదోషం అక్కడ ముందే తెలిసి ఉంది గనుక ఆ అనుమానం గాలిలో కట్టింది కాదు.

వ్యాధి ఉన్నదో లేదో తేలాక, ఈ బిడ్డకే ఎందుకు అన్న ప్రశ్న మిగులుతుంది. ధర్మశాస్త్రాలూ పురాణాలూ వినిపించే ఇళ్లలో అది ఎవరి పాపం అన్న రూపం తీసుకుంటుంది, చాలాసార్లు దానికి జవాబు చెప్పవలసినది తల్లి అవుతుంది. క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతపు గ్రీకు వైద్యగ్రంథం ఒకటి, హిప్పోక్రటీసు పేరుమీద చలామణి అయినది, ఈ వ్యాధి తక్కిన వ్యాధులకంటే దైవికమైనదేమీ కాదని, మెదడులో పుడుతుందని, తమ అజ్ఞానాన్ని కప్పిపుచ్చుకోవడానికే మంత్రగాళ్లు దేవతలను అడ్డుపెట్టుకున్నారని వాదించింది. చరక సంహిత నిదానస్థానం ఉన్మాదాన్ని గురించి చెబుతూ ఇంచుమించు ఇదే ధైర్యాన్ని చూపింది: దేవతలు గాని, గంధర్వులు గాని, పిశాచాలు గాని తనంత తాను చెడనివాణ్ని బాధించరని, రోగి వారిని నిందించరాదని. అయితే దేవతలమీదినుంచి తీసిన ఆ బరువును చరకుడు మనిషి నెత్తిన పెట్టాడు. బుద్ధి, ధృతి, స్మృతి దారితప్పి చేసే ప్రజ్ఞాపరాధమే మూలమన్నాడు. పెద్దవాడి విషయంలో ఈ మాటకు నైతికగాంభీర్యం ఉన్నది. ఆరు నెలల బిడ్డకు ఏ బుద్ధి దారి తప్పింది? పూర్వజన్మను తీసుకురాకుండా ఈ సిద్ధాంతం ఆ బిడ్డదాకా చేరదు, తీసుకువస్తే నింద ఎవరూ పరిశీలించలేని చోటికి వెళ్లి దాక్కుంటుంది.

కారణానికీ నిందకూ ఉన్న ఈ ముడిని విప్పింది ఈఈజీ కాదు, దాని తర్వాత వచ్చిన జన్యుశాస్త్రం. ఫ్రాన్సు వైద్యురాలు షార్లెట్ డ్రావే 1978లో వర్ణించిన తీవ్రమైన శిశుమూర్ఛ, తొలి ఏడాదిలో తరచు జ్వరంతోనో, టీకా వేసిన రోజునో మొదలవుతుంది. మొదట్లో ఈఈజీ చాలావరకు నిర్మలంగానే ఉంటుంది. అంత కఠినమైన వ్యాధికి కాగితం మచ్చలేకుండా ఉండటం, బాల్యంలో వచ్చి కౌమారంలో దానంతటదే పోయే రొలాండిక్ మూర్ఛకు కాగితం నిండా స్పైకులు ఉండటం, గీత బలమే వ్యాధి బలమనుకునేవారికి తగిన జవాబు. డ్రావే వ్యాధికి ఎస్‌సీఎన్‌1ఏ అనే జన్యువులోని మార్పు కారణమని 2001లో తెలిసింది, ఆ మార్పు చాలామందిలో తల్లిదండ్రులెవరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుట్టినది. టీకాయే తమ పిల్లల మెదడును చెడగొట్టిందని భావించిన 14 మందిని పరీక్షించి, 11 మందిలో ఈ జన్యుదోషమే ఉన్నదని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. ఇక్కడ కారణం నిశ్చయంగా ఉన్నది, కర్త లేడు. ప్రతి ఫలానికీ దానిని అర్హించిన కర్త ఉంటాడని చెప్పే కర్మసిద్ధాంతానికి ఇది మింగుడుపడని వస్తువు. అదృష్టమన్న మాటతో సర్దుకోవచ్చు గాని, అలా సర్దుకున్న క్షణాన ఆ తల్లిమీద మళ్లీ పాత అనుమానమే వాలుతుంది.

అనుమానమూ, యంత్రమూ ఇంత దూరం వచ్చినా, శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవారి మాట, తన స్థానాన్ని వదులుకోలేదు. ఇంగ్లండుకు చెందిన విలియం జేమ్స్ వెస్ట్ అనే వైద్యుడు 1841లో లాన్సెట్ పత్రికకు ఒక ఉత్తరం రాసి, తన పసికొడుకు తలను మోకాళ్లవైపు వంచి లేపుతూ వరుసగా పదేపదే చేసే కదలికలనూ, క్రమంగా నవ్వూ చూపూ మందగించడాన్నీ వర్ణించి, ఇటువంటిది చూసినవారు దారి చూపమని అడిగాడు. బెర్గర్ పుట్టడానికి ముప్పై ఏళ్లకు పైగా ముందు రాసిన ఆ ఉత్తరంలో తరంగాల ఊసే లేదు. గిబ్స్ దంపతులు ఆ వ్యాధిలో కనిపించే ఎత్తైన, క్రమంలేని అలల గందరగోళానికి హిప్సరిత్మియా అని పేరుపెట్టడానికి 1952 దాకా ఆగవలసి వచ్చింది. తండ్రి కన్ను ముందు చూసింది, యంత్రం తర్వాత ఒప్పుకున్నది. ఈనాటికీ ఈ కదలికలను ఉలికిపాటనో, కడుపునొప్పి అనో పొరబడి నెలలు జారవిడవడం జరుగుతున్నది, ఆలస్యమైనకొద్దీ బిడ్డ ఎదుగుదలకు నష్టం పెరుగుతుంది. తల్లి చెప్పిన వివరం, ఆమె ఫోనులో తీసిన నిమిషం వీడియో లేనిదే ఈఈజీ ఎప్పుడు తీయాలో కూడా వైద్యుడికి తోచదు.

మూర్ఛకూ మూర్ఛకూ నడుమనున్న కాలాన్ని చట్టం సైతం ఒకప్పుడు తనదైన పద్ధతిలో చదివింది. హిందూ వివాహచట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే మూర్ఛ వచ్చేవారిని పెళ్లికి అనర్హులుగా పేర్కొన్నది. 1999లో ఆ మాటను తొలగించారు. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సంఘం 2014లో ఇచ్చిన నిర్వచనం, పదేళ్లపాటు మూర్ఛ రాకుండా, వాటిలో చివరి అయిదేళ్లు మందు లేకుండా గడిచినా, వయసుతో పోయే మూర్ఛ ఆ వయసు దాటినా, వ్యాధి పరిష్కారమైనట్టు లెక్కించమంటుంది. ఆ లెక్కలో ఈఈజీ శుభ్రపడటమన్న నియమం లేదు. రొలాండిక్ మూర్ఛ తగ్గిన పిల్లవాడి గీతల్లో స్పైకులు ఇంకా కొంతకాలం మిగిలి ఉన్నా, అవి పోయేదాకా ఆగకుండానే వైద్యులు మందు తగ్గించి ఆపేస్తారు.